ఫోన్ మీద హాసెల్‌బ్లాడ్ లోగో సరే.. పాత మీడియం ఫార్మాట్ కెమెరాకి మెకానిక్ ఎక్కడ?

2021లో వన్‌ప్లస్ 9 సిరీస్ మీద హాసెల్‌బ్లాడ్ పేరు కనిపించింది. షావోమీకి లైకా, వివోకి జైస్ కూడా తోడయ్యాయి. అప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు: "అసలు ఆ పాత ఒరిజినల్ కెమెరాలు ఇప్పుడు కొనొచ్చా?" కొనొచ్చు. కానీ లెన్స్ షార్ప్‌నెస్, ఫిల్మ్ లుక్ లాంటివి తర్వాత చూసుకోండి. ముందు దాన్ని విప్పి బాగుచేసే మనిషి మీకు అందుబాటులో ఉన్నాడా లేదా చూడండి. లేడంటే మీరు కొనేది కెమెరా కాదు, షోకేస్ బొమ్మ.

స్పెక్స్ లేకుండా మన సైట్‌లో ఆర్టికల్ ఉండదు కాబట్టి త్వరగా కానిచ్చేద్దాం. ఈ కెమెరాల్లో వాడేది 120 ఫిల్మ్. కొడాక్ దీన్ని 1901లో బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది, ఇప్పటికీ కొత్త రోల్స్ తయారవుతున్నాయి. 6x6 కెమెరాలో ఒక ఫ్రేమ్ సుమారు 56x56 మి.మీ. అంటే 3,136 చదరపు మి.మీ. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సార్ 864. ఫోన్లలో పెద్దదని చెప్పుకునే 1-ఇంచ్ సెన్సార్ సుమారు 116. అంటే 27 రెట్ల తేడా. అయినా రాత్రి పూట ట్యాంక్‌బండ్ మీద చేత్తో పట్టుకుని తీస్తే మీ ఫోనే గెలుస్తుంది, అందులో డౌట్ లేదు. పది ఫ్రేములు కలిపి నాయిస్ తీసేసే పని ఫిల్మ్ చేయలేదు.

నా దగ్గర ఉన్నది యాషికా మ్యాట్ 124జీ. సికింద్రాబాద్‌లో మూసేస్తున్న ఒక ఫొటో స్టూడియోలో కొన్నాను. 1970 నుంచి 1986 దాకా తయారైన మోడల్. 80 ఎంఎం ఎఫ్/3.5 లెన్స్, 1 సెకను నుంచి 1/500 దాకా షట్టర్. పై నుంచి కిందికి చూస్తూ తీయాలి, అద్దంలో కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. మోండా మార్కెట్‌లో ఫోన్ ఎత్తితే కూరగాయల వాళ్లు వెంటనే సర్దుకుని కూర్చుంటారు, లేదా చెయ్యి అడ్డం పెడతారు. ఈ డబ్బాలోకి తల వంచుకుని చూస్తుంటే మాత్రం "ఏందన్నా అది?" అని దగ్గరికొచ్చి తొంగిచూస్తారు. రోల్‌కి 12 ఫొటోలే. ఫిల్మ్, డెవలపింగ్, స్కానింగ్ అన్నీ కలిపితే నాకు ఒక్కో క్లిక్‌కి 100 రూపాయలు దాటుతోంది. అందుకే ఎవరితోనైనా కబుర్లు చెప్పాకే క్లిక్ చేస్తాను. పిసినారితనం అనుకోండి, పర్లేదు.

ఇక అసలు సంగతి, మెయింటెనెన్స్. యూట్యూబ్ వీడియోల్లో ఇది దాదాపు కనపడదు.

మొదటి శత్రువు ఫంగస్. మన వానాకాలం తేమకి లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా పాకుతుంది. వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే తెలిసిపోతుంది. పాత లెదర్ కేస్ చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా దాంట్లో మాత్రం కెమెరా దాచకండి, తేమ పట్టి ఉంచేది అదే. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ చాలు. రెండోది, వెనక తలుపు అంచుల్లోని ఫోమ్. నలభై ఏళ్లకి అది జిగురుగా మారిపోతుంది, అక్కడి నుంచి వెలుతురు దూరి ఫొటో మీద చారలు పడతాయి. ఇది మాత్రం ఇంట్లోనే మార్చుకోవచ్చు.

మూడోది గట్టిపడిన గ్రీజు. షట్టర్ 1/125 దగ్గర బాగానే ఉంటుంది, 1 సెకను పెడితే మధ్యలో ఆగిపోతుంది. దీన్ని కొనే ముందే పట్టుకోవడానికి మీ ఫోన్ చాలు. కెమెరా వెనక తలుపు తెరిచి, లెన్స్‌ని కిటికీ వైపు తిప్పి, 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్‌లో రికార్డ్ చేయండి. 1/30 స్పీడ్‌లో సుమారు 8 ఫ్రేముల పాటు వెలుతురు కనపడాలి, 1/15లో 16. అదే 1/15కి 30 ఫ్రేములు వస్తే ఆ షట్టర్ సగం స్పీడుకి పడిపోయిందన్నమాట. షాపువాడు "ఫుల్ వర్కింగ్ కండిషన్" అంటే ఈ వీడియో చూపించి బేరమాడండి.

లైట్ మీటర్ ముచ్చట కూడా ఒకటుంది. 124జీ మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం చేశారు. అవి ఇప్పుడు రావు. ఆ సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే మీటర్ తప్పు చూపిస్తుంది. మెడికల్ షాపుల్లో వినికిడి మెషీన్ల కోసం అమ్మే 675 జింక్ ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ చిన్న రింగ్ పెడితే సరిపోతుంది. అదీ వద్దనుకుంటే ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వాడండి.

ఇంతవరకు మనం చేసుకోగలం. షట్టర్ విప్పి, పాత గ్రీజు కడిగి, స్పీడులు సరిచేయాలంటే మాత్రం చెయ్యి తిరిగినవాళ్లే కావాలి. నా కెమెరా చూసే అంకుల్‌కి డెబ్బై దాటాయి. చిన్న గది, ఒక బల్ల ల్యాంపు, స్పేర్ పార్టుల కోసం విప్పేసిన కెమెరాలతో నిండిన స్వీట్ డబ్బాలు. ఒకప్పుడు పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే స్టూడియోల వాళ్లంతా యాషికాలు, రోలీఫ్లెక్స్‌లు సంచుల్లో తెచ్చి ఇచ్చేవారట. "గిది బీరువల వెడితే ఖరాబైతది బాబూ, నెలకోసారన్న అన్ని స్పీడులు తిప్పుతుండాలె" అంటారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నారు. వాళ్లని తప్పుపట్టలేం, ఇంటి ఖర్చులకి అది సరిపోతుంది, ఇది సరిపోదు.

నా భయమంతా ఇక్కడే. ఫిల్మ్ ఎక్కడినుంచైనా తెప్పించుకోవచ్చు. ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్మ్ ఆగిపోయాక మనం వాడే ఫిల్మ్ ఎలాగూ దిగుమతి సరుకే. 2022లో కొడాక్ గోల్డ్ 200ని 120 సైజులో మళ్లీ తెచ్చింది కూడా. డిమాండ్ ఉంటే ఫ్యాక్టరీ తిరిగి మొదలవుతుంది. షట్టర్ శబ్దం విని ఏ స్ప్రింగ్ అలిసిపోయిందో చెప్పే చెవి మాత్రం ఆర్డర్ పెడితే రాదు.

అందుకే ఏది కొనాలని అడిగితే నా జవాబు కొంచెం మొండిగా ఉంటుంది. పూర్తిగా మెకానికల్‌గా పనిచేసేది తీసుకోండి: యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్, బడ్జెట్, భుజబలం రెండూ ఉంటే మామియా ఆర్‌బీ67. హాసెల్‌బ్లాడ్ 500సీ గొప్పదే. కానీ లెన్స్ తీసేటప్పుడు బాడీ, లెన్స్ రెండూ కాక్ అయి ఉండాలి, లేదంటే జామ్ అవుతుంది. సర్వీసింగ్ ఖర్చు కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ మోజుపడే మామియా 7, కాంటాక్స్ 645ల జోలికి నేను పోను. వాటి షట్టర్ ఎలక్ట్రానిక్. సర్క్యూట్ బోర్డ్ పోతే అంకుల్ స్వీట్ డబ్బాల్లో దానికి మందు లేదు. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24లకి ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తున్నారని మనమే చప్పట్లు కొట్టాం. నలభై ఏళ్లు దాటిన నా యాషికాకి కావాల్సింది ఒక చుక్క నూనె, అది ఎక్కడ వేయాలో తెలిసిన చెయ్యి.

బ్లాక్ అండ్ వైట్ డెవలపింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు, చీకటి గది కూడా అక్కర్లేదు. ఫిల్మ్‌ని ట్యాంక్‌లోకి ఎక్కించేటప్పుడు వాడే నల్ల సంచి చాలు. కష్టమల్లా మన ఎండాకాలం. డీ-76 డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి. మే నెలలో మా ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. కుండ నీళ్లు, టబ్బులో ఐస్ క్యూబ్‌లు, అమ్మ తిట్లు.. ఈ మూడింటితో పని నడుస్తుంది.

1880ల్లో లాలా దీన్ దయాళ్ స్టూడియో పెట్టింది ఈ సికింద్రాబాద్‌లోనే. ఆయన గాజు పలకల నెగటివ్‌లు ఇప్పటికీ ప్రింట్ తీసేంత బాగున్నాయి. మన రైల్వే స్టేషన్ పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు. అంతకుముందు తీసిన ఒక రోల్ నా దగ్గర ఉంది. అందులో నాలుగు ఫ్రేములు బాగొచ్చాయి, అదీ అంకుల్ షట్టర్ సరిచేశాక తీసినవి కాబట్టి.

ఆదివారాలు రెండు గంటలు నేర్పడానికి ఆయన ఒప్పుకున్నారు. జపాన్ కెమెరాల ప్లస్ స్క్రూలకి మన మామూలు స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, తల అరిగిపోతుంది. అందుకే మొదటి పాఠం షట్టర్ విప్పడం కాదు, స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో అరగదీసి స్క్రూ గాడికి సరిపోయేలా చేసుకోవడం. మూడు వారాలుగా అదే చేస్తున్నాను. ఇంకా ఓకే అనలేదు.