కనుబొమల మీద పన్ను తగ్గింది... మరి దారం మాటేమిటి?

"ఏమక్కా, బ్యూటీపార్లర్లకు పన్ను తగ్గించినారంట కదా, టీవీలో చెప్పినారు. నువ్వు మాత్రం ఐబ్రోస్‌కు నలభైకి నలభై తీసుకుంటాండావే?"

మా బనగానపల్లెలో నేను వెళ్లే పార్లర్లో నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ అడిగిన ప్రశ్న ఇది. పార్లరంటే పెద్ద ఊహించుకోకండి. ఇంటి ముందు గది, నాపరాళ్ల గచ్చు, గోడకు ఒక నిలువుటద్దం, రెండు కుర్చీలు, గుమ్మానికి పూల కర్టెన్. అంతే. దారం పంటితో పట్టుకున్న ఆవిడ దాన్ని తీసి, "నేనెప్పుడు పన్ను ఏసినానని వదినా, ఇప్పుడు తగ్గించేకి?" అంది. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. బి.కాం. చదివిన బుద్ధి ఊరికే ఉండదు కదా! కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఎవరికి తగ్గింది?

2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో సెలూన్లు, బ్యూటీపార్లర్లు, జిమ్‌ల సేవల మీద పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అది సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చింది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏసీ సెలూన్లో రెండు వేల రూపాయల ఫేషియల్ చేయించుకునే ఆవిడ ఇదివరకు 2,360 కట్టేది, ఇప్పుడు 2,100 కడితే చాలు. 260 రూపాయలు మిగులు. సంతోషమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 5 శాతం వసూలు చేసే సెలూను తాను కట్టిన అద్దె మీద, కొన్న క్రీముల మీద పడ్డ పన్నును వెనక్కి సర్దుకోవడానికి వీల్లేదు. ఆ భారాన్ని అసలు ధరలో కలిపేస్తే మనకు మిగిలేది ఆ 260 కూడా కాదు. కాబట్టి బిల్లులో పన్ను ఒక్కటే కాక, అసలు రేటు మారిందేమో కూడా చూసుకోవాలి.

ఇక మా ఊరి సంగతి. మన రాష్ట్రంలో సేవలు అందించేవాళ్లు ఏడాదికి 20 లక్షల రూపాయల వ్యాపారం దాటితేనే జీఎస్టీలో నమోదు కావాలి. నలభై రూపాయల ఐబ్రోస్‌తో 20 లక్షలు రావాలంటే ఏడాదికి 50,000 మందికి చేయాలి. ఒక్కరోజు కూడా సెలవు లేకుండా రోజుకు 137 మంది! మా పార్లరావిడ దగ్గరికి మామూలు రోజుల్లో పది మంది వస్తే గొప్ప. పెళ్లిళ్ల నెలల్లో, రంజాన్ ముందు రాత్రుల్లో మాత్రం ఊపిరాడదు. ఆషాఢం వచ్చిందంటే కుర్చీలు ఖాళీ.

అంటే తగ్గింపు ఆమెకు సంబంధించింది కాదు. అలాగని ఆమె పన్ను కట్టడం లేదా అంటే, కడుతూనే ఉంది. షాంపూ, తలనూనె, ఫేస్ పౌడరు మీద పన్ను అదే రోజు నుంచి 18 నుంచి 5 శాతానికి దిగింది, అంతవరకు ఆమెకు మేలే. ఫేషియల్ క్రీములు, బ్లీచ్ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. కొన్నప్పుడు అది ఆమె చేతి నుంచే పోతుంది. తిరిగి వచ్చే దారి లేదు.

దానికి తోడు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మనకు ఎంతో మంచిదే. కానీ పెళ్లికూతురు మేకప్ కోసం నంద్యాలకు పోయివచ్చేవాళ్లు ఎక్కువయ్యారని మా పార్లరావిడ దిగులు. ఐబ్రోస్ డబ్బులు రోజు గడవడానికే. నాలుగు రాళ్లు మిగిలేది పెళ్లి మేకప్‌లోనే మరి.

జాబితాలో ఆమె పేరుందా?

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 చేతివృత్తుల వాళ్లకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. కమ్మరి, కుమ్మరి, దర్జీ, రజకులు, క్షురకులు, పూలదండలు కట్టేవాళ్లు అందరూ ఆ జాబితాలో ఉన్నారు. బ్యూటీషియన్ అన్న పేరు విడిగా లేదు. కత్తెర పట్టిన మగవాడి పని వృత్తి అయినప్పుడు, దారం పట్టిన ఆడదాని పని ఎందుకు కాదు? "టైంపాస్‌కు పార్లర్ పెట్టుకుంది" అని మనమే అంటాం. ఆ టైంపాస్ మీదే పిల్లల ఫీజులు నడుస్తున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

నిజానికి ఈ దారం పని చాలా పాతది. ఇరాన్‌లో దీన్ని బంద్ అందాజీ అంటారు. పెళ్లి కుదిరాకే ఆడపిల్ల ముఖానికి దారం తగిలించడం అక్కడి పాత ఆచారం. మన ఇళ్లలో కూడా "పెళ్లి కాకుండా ఐబ్రోసేంది?" అని అమ్మమ్మలు కసరడం మనకు తెలిసిందే కదా!

ఆ వీడియో చూసి భయపడాలా?

2025లో ఒక వీడియో ఫోన్లలో తెగ తిరిగింది. ఐబ్రోస్ చేయించుకున్న ఒకామెకు కాలేయం చెడిపోయిందని ఒక డాక్టరుగారు చెప్పింది. మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇక నువ్వు పోవద్దు" అని ఒకటే గొడవ.

ఇందులో నిజమెంత? హెపటైటిస్ బి, సి వైరస్‌లు రక్తం ద్వారా అంటుకుంటాయి. బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. దారం చర్మాన్ని కోసి, అదే దారం వెంటనే ఇంకొకరికి వాడితే ప్రమాదానికి అవకాశం ఉంది. కానీ దారంతో రక్తం రావడం తక్కువ కాబట్టి ఆ ప్రమాదమూ తక్కువే. ఒకరికి వాడిన బ్లేడు, ముక్కు చెవులు కుట్టే సూది అంతకంటే ఎక్కువ ప్రమాదం. వాటిని చూసి భయపడని మనం దారాన్ని చూసి భయపడుతున్నాం.

ఎక్కువగా జరిగేవి చిన్న చిన్న తంటాలు. చీముపొక్కులు, పులిపిర్లు. నాకే నాలుగేళ్ల కింద కనుబొమ పైన బియ్యపు నూకల్లాంటి పులిపిర్లు వరసగా లేచాయి. కర్నూలులో చర్మవ్యాధుల డాక్టరమ్మ చూడగానే, "దారం నడిచిన గీత వెంబడే వచ్చాయి చూడండి" అంది. అవి పోవడానికి మూడు నెలలు పట్టింది. నూట ఇరవై రూపాయల పనికి రెండు వేలు ఖర్చు. ఏ పార్లరో చెప్పను. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. ఎలా చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

మన దగ్గర 1988 నాటి షాపుల చట్టం పనివేళలు, సెలవులు, జీతాలు చూస్తుంది. దారం మారుస్తున్నారా అని చూసేది కాదు. అమెరికాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. టెక్సాస్‌లో దారంతో కనుబొమలు తీసేవాళ్లు కూడా 750 గంటల సౌందర్య కోర్సు చదివి లైసెన్సు తీసుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కొందరు థ్రెడర్లు కోర్టుకెక్కారు. ఆ గంటల్లో చాలా భాగానికి దారం పనితో సంబంధమే లేదని 2015 జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అక్కడ పొట్టకొట్టేంత నిబంధన, ఇక్కడ అసలు పట్టింపే లేదు. మనకు 750 గంటలు అక్కర్లేదు. డ్వాక్రా సంఘాల ద్వారా రెండు మూడు రోజుల శుభ్రత శిక్షణ, ఒక సర్టిఫికెట్, పార్లర్ వాళ్లకు హెపటైటిస్ బి టీకా ఇప్పిస్తే చాలదూ?

కనుబొమ చెప్పే కబురు

కొందరు పది రోజులకోసారి పార్లర్‌కు పరిగెత్తుతారు. మూడు నాలుగు వారాలు ఆగండి. వెంట్రుకను మాటిమాటికీ పీకితే కుదురు దెబ్బతిని ఒక్కోసారి మళ్లీ మొలవదు. సన్నగా గీత గీసినట్టు తీయించుకుని, తర్వాత పెన్సిలుతో దిద్దుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాం. పల్చబడితే రెండు మూడు నెలలు దారం జోలికి పోకుండా వదిలేయండి.

ఆముదం రాస్తే ఒత్తుగా పెరుగుతాయని మా అవ్వ చెప్పేది. ఆముదం పండే సీమలో ఆ మాట కాదంటే కోపాలొస్తాయి. వెంట్రుక పొడిబారకుండా, నిగనిగలాడుతూ ఉంటుంది, అది నిజం. కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. రాత్రి ఒక చుక్క రాసుకుంటే నష్టం లేదు, కంట్లో పడనీయకండి.

అసలు గమనించాల్సింది వేరే ఉంది. కనుబొమ తోక, అంటే చెవి వైపు భాగం, దానంతటదే పల్చబడితే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. జుట్టూ కనుబొమలూ కలిసి రాలుతుంటే రక్తహీనత చూసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులే. నాణెమంత మేర రాలితే పేనుకొరుకుడు కావచ్చు. కనుబొమలు రాలుతూ చర్మం మీద స్పర్శ లేని మచ్చలుంటే కుష్ఠు కావచ్చు. దాచుకోవద్దు. సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఇలాంటివాటిని ఐబ్రో పెన్సిలుతో కప్పేసుకుని ఏళ్లు గడిపేవాళ్లు మనలో ఎందరో!

పార్లర్‌కు వెళ్లినప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మీ దారం రీలు మీరే తీసుకెళ్లండి. దారం పంటితో కాకుండా మెడకు తగిలించుకుని చేయమనండి. చేతులు కడుక్కోమని మొహమాటం లేకుండా అడగండి. మొటిమ, పుండు, పులిపిరి ఉంటే మానేంతవరకు ఆగండి. చేయించుకున్నాక ఐసు ముక్క అద్దితే చాలు, ఆ పూట క్రీములు, పౌడర్లు వద్దు.

పోయినవారం నేను పర్సులో కొత్త దారం రీలు పెట్టుకుని వెళ్లాను. తీసి ఇస్తే పార్లరావిడ ముఖం చిన్నబోయింది. "నామీద నమ్మకం లేదా వదినా?" అంది. నా పులిపిర్ల కథ చెప్పాను. కాసేపు మాట్లాడకుండా చేతులు కడుక్కొచ్చి, దారాన్ని మెడకు తగిలించుకుంది. చివర్లో రీలు తిరిగివ్వబోతే, పేరు రాసి ఇక్కడే పెట్టమన్నాను. నలభైకి బదులు యాభై చేతిలో పెట్టాను.

ఇప్పుడు ఆ అద్దం కింద డబ్బాలో పేర్లు రాసిన రీళ్లు ఐదారు చేరాయి. ప్రభుత్వం ఎప్పుడు మేలుకుంటుందో గానీ, పది రూపాయల దారం మన చేతిలో పనే కదా!