హాజరుపట్టీలో కడుపునొప్పి

తిరునాళ్ల మరునాడు మా తరగతులలో బల్లలు ఖాళీగ నుండును. హాజరుపట్టీలో "రాలేదు" అని మాత్రమే వ్రాయుదుము; కారణము వ్రాయము.

ప్రపంచారోగ్యసంస్థవారు 2015లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2010వ సంవత్సరమున చెడిన ఆహారమువలన లోకమున 60 కోట్లమంది జబ్బుపడిరి. 4,20,000 మంది మరణించిరి. వీరిలో 1,25,000 మంది అయిదేండ్లు నిండని శిశువులు! లెక్కలు దొరకని దేశములకు ఇతర దేశముల లెక్కలనుబట్టి ఊహింపవలసివచ్చెను. ఆ కొఱతలో మావంటివారి పట్టీలకును పాలు గలదు.

వెదకి లెక్కించినచో ఏమి తెలియునో మన చిత్తూరునకు పొరుగుననున్న వేలూరిని జూచి గ్రహింపవచ్చును. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలవారు ఇంటింటికి దిరిగి మూర్ఛరోగులను పరీక్షించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. ఇంచుమించు మూడవవంతు రోగుల మెదడులో బద్దెపురుగు డింభకములే మూర్ఛకు కారణమని తేలెను. పైయంచనాలోని 31 రోగకారణములలో ఈ పురుగొకటి. దాని గ్రుడ్లు మురికిచేతులవలనను, కడుగని కూరలవలనను కడుపున జేరును. మూర్ఛను గాలిచేష్టయని తాయెత్తు కట్టించు ఇండ్లు మన పల్లెలలో నేటికిని గలవు.

హాజరుపట్టీలో కారణమునకొక గడి యుండవలెనని మా యభిప్రాయము. కొందఱు తల్లులు బిడ్డకు వాంతులైనవని చెప్ప సిగ్గుపడి "జ్వరము" అని చీటీ పంపుచున్నారు. తమ వంటకు నింద వచ్చునని వారి భయము. అమ్మలారా, నిజమే వ్రాసి పంపుడు. ఒకే వారమున ఒకే వీధినుండి పదిచీట్లు వచ్చినచో, నీళ్లతొట్టిని చూడవలెనో, అంగడి మిఠాయిని చూడవలెనో ఆరోగ్యాధికారికి దారి దొరకును.