టార్క్ రెంచికీ ఏటా ముద్ర పడాలి

తెనాలి నుంచి అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా రోడ్డు పక్కన ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా టార్క్ రెంచి ఉందనే చెబుతారు. ఎక్కడుందో చూపించమంటేనే అసలు సంగతి బయటపడుతుంది. సుత్తి, పైపు రెంచి, గ్రీజు గన్ను, విరిగిన సాకెట్లు కలిసి పడున్న ఇనప్పెట్టెలో అడుగున దొరుకుతుంది. పిడి చూస్తే ఎప్పుడో హెడ్డు బిగించినప్పటి నంబరు మీదే ఆగి ఉంటుంది. ట్రాక్టర్ల ఇంజన్లు విప్పి బిగించడం నా పని, నా జుట్టు ఆ పనిలోనే నెరిసింది. ఈ ఒక్క పనిముట్టు విషయంలో మా వృత్తివాళ్లూ, బండ్ల యజమానులూ, ప్రభుత్వమూ పద్ధతి మార్చుకోవాలి.

మామూలు పానాకు పని ఒకటే, బిగించడం. టార్క్ రెంచి బిగిస్తూనే ఎంత బిగిసిందో కొలుస్తుంది. కొలిచే వస్తువు కాబట్టి అది త్రాసు జాతిది. కూరగాయల కొట్లో ఉండే ఎలక్ట్రానిక్ కాటాను తూనికలు, కొలతల శాఖ ఏటా పరీక్షించి ముద్ర వేయాలని నిబంధన ఉంది. కిలో వంకాయల్లో వంద గ్రాములు తగ్గితే నిలదీసే హక్కు మనకుంది. మరి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే స్కూలు బస్సు చక్రాల నట్లు ఏ రెంచితో బిగించారు, ఆ రెంచి చెప్పే లెక్క నిజమేనా అని మా షెడ్లకొచ్చి అడిగేవాళ్లు లేరు. నా బాధంతా అదే.

మన దగ్గర ఎక్కువగా వాడేది టక్కుమనే రకం. పిడి తిప్పితే లోపలున్న గట్టి స్ప్రింగు నొక్కుకుంటుంది. మనం పెట్టిన నంబరు దాకా బోల్టు బిగియగానే టక్కుమని చప్పుడొస్తుంది, అరచేతికి చిన్న కుదుపు తగులుతుంది. అక్కడ చెయ్యి ఆపేయాలి. ఆ టక్కు ఎప్పుడు రావాలో నిర్ణయించేది స్ప్రింగే. దాన్ని నొక్కిపెట్టి నెలల తరబడి వదిలేస్తే బలం సడలుతుంది. అప్పుడు 100 న్యూటన్ మీటర్ల దగ్గర పలకాల్సింది అంతకంటే ముందే పలుకుతుంది. మెకానిక్ బిగిసిందనుకుంటాడు, బోల్టు వదులుగానే ఉంటుంది. కొన్నాళ్లకు హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. లోపల తుప్పు పట్టినా, గ్రీజు ఆరిపోయినా వ్యవహారం తిరగబడుతుంది. టక్కు ఆలస్యంగా వస్తుంది, ఈలోగా మర పోతుంది, లేదా స్టడ్డు తెగి బ్లాకులో ఉండిపోతుంది. రెంచిని పైకి చూస్తే ఈ రెండు జబ్బుల్లో ఏదీ తెలియదు.

అందుకని పని అయిపోగానే పిడిని వెనక్కి తిప్పి స్కేలు మీదున్న అతి చిన్న నంబరు దగ్గర ఉంచాలి. పని నేర్చుకునే కుర్రాళ్లు కొందరు ఉత్సాహం కొద్దీ ఇంకా కిందికి, పిడి వదులయ్యేదాకా తిప్పేస్తారు. అదీ మంచిది కాదు. స్ప్రింగు మీద బొత్తిగా ఒత్తిడి లేకపోతే లోపలి ముక్కలు చోటు తప్పుతాయి. మా షెడ్డులో రెంచి దాని పెట్టెలోనే, చెక్క బీరువా అరలో, సుత్తులకు దూరంగా ఉంటుంది. చెమట చేతులతో వాడి అలాగే పెట్టెలో పెట్టి మూయనివ్వను. పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చాకే లోపలికి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అందులో వేస్తాం.

అన్నిటికంటే పెద్ద అపచారం డీజిల్లో ముంచి కడగడం. జిడ్డు వదులుతుంది నిజమే, దాంతోపాటు కంపెనీవాళ్లు లోపల పెట్టిన గ్రీజూ పోతుంది. బిగిసిపోయిన బోల్టు విప్పడానికి ఇదే రెంచి వాడటం, పొడవు చాలదని పిడికి పైపు తొడగడం కూడా చూస్తుంటాను. ఇదేమిటని అడిగితే, ‘తొందరలో ఉన్నాం అన్నా’ అంటారు. విప్పడానికి మామూలు పానా పక్కనే ఉంటుంది, అది తీయడానికి పట్టేది ఒక్క క్షణం. ఇక రెంచి గచ్చు మీద పడిందంటే పరీక్ష చేయించేదాకా దాని మాట నమ్మకూడదు. చాలారోజుల తర్వాత బయటికి తీస్తే మధ్య నంబరు మీద పెట్టి ఐదారుసార్లు టక్కుమనిపించి, లోపల గ్రీజు సర్దుకున్నాక అసలు పని మొదలుపెట్టాలి.

చిన్న షెడ్డు పెట్టుకున్నవాళ్లకు నేనిచ్చే సలహా, ముల్లు ఉండే పాతరకం కొనుక్కోమని. అందులో నొక్కుకుని ఉండే స్ప్రింగు లేదు, నంబరు తగ్గించే పనీ లేదు. ముల్లు సున్నా మీద నిలవకపోతే తేడా వచ్చిందని కళ్లకే కనిపిస్తుంది. నలుగురి ముందు అది పాత సరుకులా ఉంటుందని కుర్రాళ్లు ఇష్టపడరు గానీ, నమ్మకమైన వస్తువు.

నిజాంపట్నం హార్బరులో బోటు ఇంజన్ పనికి వెళ్లినప్పుడు ఓ డ్రైవరు అడిగాడు: “బాబాయ్, ఎంత బిగించాలో చెయ్యే చెబుతుంది గదా, ఇదంతా ఎందుకు?”

“పొద్దున్నే పెట్టే బలం, సాయంత్రం అలిసిపోయాక పెట్టే బలం ఒకటి కాదురా అబ్బాయ్” అన్నాను. అతనడిగిందాంట్లో న్యాయముంది. చెయ్యి తెలిసిన మెకానిక్ చేసే పనికి విలువుంది. అయితే మనం పెట్టే బలంలో నూటికి దాదాపు తొంభై వంతులు బోల్టు తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసి పట్టు నిలిపేది మిగిలిన పదో వంతు మాత్రమే. మరల్లో తుప్పుంటే చేతికి గట్టిగా తగులుతుంది, పట్టు మాత్రం ఉండదు. నూనె ఉంటే తేలిగ్గా తిరుగుతుంది, తెగేదాకా లాగేస్తాం. చెయ్యి మోసపోయేది ఇక్కడే. రెంచి కూడా శుభ్రం చేయని మరల దగ్గర మోసపోతుంది కాబట్టి మరలు తుడవకుండా టార్కు పెట్టడం దండగ.

నిజాంపట్నంలోనూ, బాపట్ల దగ్గర సూర్యలంక వైపూ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. తెనాలిలో ఏడాదికి పట్టే తుప్పు అక్కడ వానాకాలం దాటకుండానే పడుతుంది. బోటులోనే రెంచి ఉంచుకునేవాళ్లు రోజూ తుడిచి, పలుచగా నూనె రాసిన గుడ్డలో చుట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టాలి.

వరదల సంగతి వేరు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చినప్పుడు కొల్లూరు వైపు లంకలు మునిగాయి. నీరు తీశాక మోటార్లూ ఇంజన్లూ విప్పి ఆరబెట్టుకున్నాం, సామాన్ల పెట్టెల గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. బురదనీళ్లు తాగిన రెంచిని తుడిచేసి మళ్లీ అదే ఇంజన్ మీద వాడితే ఆ మరమ్మతుకు అర్థం లేదు. నీడన ఆరబెట్టి, లోపలి భాగాలు విప్పకుండా కాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిచూసే పరీక్షకు పంపడమే దారి.

ఆ పంపడమే మా కష్టం. ఏడాదికోసారి లేదా 5,000 టక్కులకోసారి, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించాలని ఐఎస్‌ఓ 6789 ప్రమాణం. 10 న్యూటన్ మీటర్లు దాటిన టక్కుమనే రెంచీలకు అది ఒప్పుకునే తేడా నూటికి నాలుగు అటూ ఇటూ. మాలాంటివాళ్లం ఆ పరీక్షకు విజయవాడకో హైదరాబాద్‌కో పంపాలి. రెంచి చేతిలో లేకుండా రోజులు గడుస్తాయి, రానూపోనూ ఖర్చూ ఉంటుంది. అందుకే ఎవరూ పంపరు. వాళ్లను తప్పుపట్టలేను.

టార్క్ టెస్టర్ బల్ల మీద పట్టేంత యంత్రం. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, వేరే ఇంజనీరింగ్ కళాశాలా ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడుచోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. వీటిలో ఎక్కడో ఒకచోట ఆ యంత్రం పెట్టి, నామమాత్రం రుసుముతో మెకానిక్‌ల రెంచీలు పరీక్షించి, తేదీ వేసి చీటీ అతికించమని అడుగుతున్నాను. తేడా వచ్చినవాటిని సరిచేయించే ఏర్పాటు తర్వాత చూసుకోవచ్చు, ముందు తేడా ఉందో లేదో తెలియాలి. విద్యార్థులకు అది పాఠం కూడా అవుతుంది. బండి యజమానులు బిల్లు అడిగినట్టే ఆ చీటీ మీది తేదీ అడగడం మొదలుపెడితే మావాళ్లు తప్పకుండా పట్టుకెళతారు. నాట్లయిపోయి, సార్వా కోతలకు హార్వెస్టర్లు ఇంకా పొలాల్లోకి దిగని అక్టోబరు నెల ఇందుకు అనువైన కాలం. ఇంజన్లు విప్పేది అప్పుడే, రెంచీల అవసరం పడేదీ అప్పుడే.