కల్లోల మెవరిది?

ప్రజాస్వామ్యమునకు ముప్పు వెలుపలినుండియే వచ్చునని మనవారు తఱచుగా నెంచుచుందురు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల చరిత్ర వేఱొకటి చెప్పుచున్నది.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగినది. దేశమెల్ల నోరు విప్పినది. కరీంనగరు జిల్లా పల్లెలలో కూలివాండ్రును విప్పిరి. వారడిగిన దేమి? వెట్టి మానవలెను, పంచాయితీల పేర దొరలు గుంజుకొనిన దండుగులు మరల నీయవలెను, కూలి పెంచవలెను, బంజరు దున్నుకొననీయవలెను. రాజ్యాంగము వెట్టిని నిషేధించి అప్పటికి రెండు పుష్కరములు దాటినది! 1978 సెప్టెంబరు 7న వేలాది జనము జగిత్యాలలో ఊరేగిరి. దానికే జైత్రయాత్ర యని పేరు. వారి వెనుక నక్సలైటు లుండిరన్న మాట నిజమే. అంతమాత్రమున ఆ కోరికలు అక్రమములగునా?

అక్టోబరులో చెన్నారెడ్డిగారి ప్రభుత్వము ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ చట్టము స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, మద్రాసులో పుట్టినది. నిషేధాజ్ఞను మీఱి అయిదుగురు గూడినచో, హెచ్చరించి, ప్రాణము పోవునట్లు కాల్చుటకైనను సబ్‌ఇన్‌స్పెక్టరునకు అధికార మిచ్చినది. దండుగు గుంజినవానికి వర్తించు శాసనములు ఠాణాలో నిద్రించుచుండగా, తిరిగి యడిగినవానికి ఈ శాసనము మేల్కొన్నది.

సభ నిషిద్ధమైనచోట అడవి పిలిచినది. బీర్పూరున పుట్టిన ముప్పాళ్ల లక్ష్మణరావు, కోరుట్లవాడగు తిప్పిరి తిరుపతి మావోయిస్టు పార్టీలో అగ్రనాయకులైరి. ఎన్నికలను బహిష్కరింపుడని తుపాకితో శాసించువారును ఓటరు నోరు నొక్కువారే. వారిని మేము మెచ్చము.

భూవసతిగల పాఠకులు ఇంకొక దృశ్యమును జూతురుగాక. జగిత్యాల, కోరుట్ల శాసనసభా నియోజకవర్గములు నిజామాబాదు లోక్‌సభ స్థానములోనివి. పసుపునకు ధర లేక, బోర్డు రాక విసిగిన రైతులు 2019లో గుంపులుగా వెళ్లి నామినేషన్లు వేసిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది! ఒక్కొక్క కేంద్రమున 12 ఓటింగు యంత్రములు పేర్చవలసివచ్చినది. నవ్వినవారు నవ్విరి. అప్పటి సభ్యురాలు కవితగారు ఓడిరి. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాదుననే వెలసినది.

కూలివాడు 1978లో అడిగినది ఈ రైతు లడిగినదానికంటె హెచ్చు కాదు. పోటీకి ధరావతు 25,000 రూపాయలు. షెడ్యూల్డు కులములవారి కందు సగము. రైతులు దానిని కట్టగలిగిరి, పోగొట్టుకొనగలిగిరి. కూలివాని కంత సొమ్మెక్కడిది? ఆతనికి గల పెట్టుబడి నలుగురితో గూడి వీధిలో నడచుటయే. 1978 అక్టోబరులో ప్రభుత్వము తీసికొనినది దానినే.