పెద్ద మిషన్ కంటే ముందు సరైన లేబుల్

మన ల్యాబుకు కొత్త మిషన్ ఎప్పుడు కొంటారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. "టౌనులో గంటలో రిపోర్టు చేతిలో పెడుతున్నారు, ఇక్కడ సాయంత్రం దాకా ఎందుకు కూర్చోవాలి?" అన్న మాట ఓ.పి. వరండాలో తరచు వినబడుతోంది. సంఘ కుటుంబాల్లో కొందరు మిషన్ కోసం కానుక ఇస్తామని ముందుకు వస్తున్నారు కూడా. వారి ప్రేమకు మా కృతజ్ఞతలు. అయితే ఆ డబ్బు ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి అన్న దగ్గర మా అభిప్రాయం కొంచెం వేరు. దాన్ని మీ ముందు ఉంచుతున్నాము.

మీ చేతి నుండి తీసిన రక్తం మిషన్ దగ్గరకు చేరే దారి ఒకటి ఉంది. మిషన్ ఇచ్చిన ఫలితం డాక్టరుగారి బల్ల మీదకు చేరే దారి మరొకటి ఉంది. ఈ రెండు దారులూ బాగుచేయకుండా మధ్యలో ఉన్న మిషన్‌ను మాత్రం మార్చితే రోగికి దక్కే మేలు చాలా తక్కువ. అందుకే మొదటి ఖర్చు ఈ దారుల మీద పెట్టాలని మేము కోరుతున్నాము.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ఒకప్పుడు రక్తకణాలను మైక్రోస్కోపు కింద కంటితో చూస్తూ లెక్కపెట్టేవారు. అమెరికాకు చెందిన వాలెస్ కూల్టర్ కణాలను యంత్రంతో లెక్కించే పద్ధతికి 1953లో పేటెంటు పొందారు. షుగరు, యూరియా వంటి పరీక్షలను వరుసగా చేసుకుంటూ పోయే ఆటోఎనలైజర్ 1957లో అమ్మకానికి వచ్చింది. అప్పటి నుండి మిషన్లు ఎంతో మెరుగుపడ్డాయి. ఇప్పుడు మిషన్ లోపల జరిగే తప్పులు తక్కువ. దాని బయట, మనుషుల చేతుల మధ్య జరిగే తప్పులే ఎక్కువ.

ఇది మా ఊహ కాదు. ఇటలీలోని పాదువా నగరంలో ప్లెబానీ, కరారో అనే పరిశోధకులు తమ ఆస్పత్రి ల్యాబులో దొర్లిన తప్పులను లెక్కగట్టి 1997లో ప్రచురించారు. మొత్తం తప్పుల్లో సుమారు 68 శాతం పరీక్ష మొదలు కాకముందే జరిగాయి. పరీక్ష చేస్తున్నప్పుడు జరిగినవి 13 శాతం మాత్రమే. మిగిలినవి ఫలితం వచ్చాక జరిగినవి. పదేళ్ళ తరువాత, 2007లో, వారే మళ్ళీ లెక్క తీస్తే ఆ వాటాలు సుమారు 62, 15, 23గా తేలాయి. అంటే మిషన్ మార్చడం వల్ల సరయ్యేది చిన్న భాగమే.

పేర్ల చిక్కు

మన ప్రాంతంలో ఈ సమస్య మొదట పేరు దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో మేరమ్మ, ఆధార్ కార్డులో మరియమ్మ, సంఘం రిజిస్టరులో మేరీ. ముగ్గురూ ఒక్కరే. ఇక ఒకే రోజు ఓ.పి.లో ఇద్దరు విజయకుమారులు, ముగ్గురు సుజాతలు ఉండటం మామూలే. "సుజాత ఎవరమ్మా?" అని పిలిస్తే, చెవి సరిగా వినబడని పెద్దమ్మ కూడా "నేనే" అని లేచి వస్తుంది.

అందుకే రోగిని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలని, రక్తం తీసిన గొట్టానికి రోగి ఎదుటే లేబుల్ అంటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన రోగుల భద్రతా సూచనల్లో ఉంది. పేరు ఒక్కటే చాలదు. పేరుతోపాటు పుట్టిన తేదీ గానీ ఓ.పి. నంబరు గానీ ఉండాలి. గొట్టాలన్నీ ట్రేలో పెట్టుకుని, తరువాత తీరికగా కూర్చుని పేర్లు రాసే అలవాటు ఎక్కడ ఉన్నా అది ప్రమాదమే.

సమయం కూడా ఒక పరీక్షే

రక్తం గొట్టంలోకి వచ్చాక కూడా అందులోని కణాలు బ్రతికే ఉంటాయి. అవి చక్కెరను తింటూనే ఉంటాయి. కణాలను వేరు చేయకుండా మామూలు గొట్టంలో అలాగే ఉంచితే గంటకు 5 నుండి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

ఒక లెక్క చూడండి. ఒకరికి పరగడుపున షుగరు 130 ఉంది. పరగడుపు షుగరు 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం కింద లెక్క. ఆ గొట్టం రెండు గంటలు బల్ల మీద పడి ఉంటే ఫలితం 112 నుండి 117 మధ్య వస్తుంది. మిషన్ తన పని తాను సరిగ్గానే చేసింది. కానీ మధుమేహం ఉన్న మనిషి "నాకు షుగరు లేదు" అనుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. బూడిద రంగు మూత గొట్టంలో ఉండే ఫ్లోరైడు మందు ఈ నష్టాన్ని ఆపుతుంది గాని, అది పూర్తిగా పనిచేయడానికి గంటా రెండు గంటలు పడుతుంది. కాబట్టి గొట్టాన్ని త్వరగా ల్యాబుకు చేర్చే మనిషి, వచ్చిన వెంటనే తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉండాలి.

అలాగే రక్తం చాలలేదని ఊదా రంగు మూత గొట్టం నుండి వేరే గొట్టంలోకి కొంచెం పోస్తే, అందులోని రసాయనం వల్ల పొటాషియం లేనిపోని విధంగా పెరిగి, కాల్షియం తగ్గి కనబడుతుంది. ఏ మిషన్ పెట్టినా పాడైన రక్తాన్ని తిరిగి మంచి రక్తంగా మార్చలేము.

కంప్యూటరు ఏమి చేయగలదు?

చాలా చిన్న ల్యాబుల్లో మిషన్ మీద కనబడిన అంకెను చీటీ మీద రాస్తారు. చీటీ నుండి రిజిస్టరులోకి, రిజిస్టరు నుండి రిపోర్టు ఫారం మీదకు ఎక్కిస్తారు. మూడుసార్లు రాసేటప్పుడు 1.2 కాస్తా 12 కావడానికి ఒక చుక్క చాలు.

గొట్టం మీద బార్‌కోడ్ ఉండి, మిషన్‌ను కంప్యూటరుకు కలిపితే ఈ రాత పని పోతుంది. మిషన్ బార్‌కోడ్ చదివి, ఈ గొట్టానికి ఏ పరీక్షలు చేయాలో కంప్యూటరును అడుగుతుంది. ఫలితాన్ని తిరిగి అదే నంబరు కింద చేరుస్తుంది. పోయిన నెల ఫలితంతో పోల్చి, నమ్మలేనంత తేడా ఉంటే టెక్నీషియన్‌ను ఆపి చూపిస్తుంది. అప్పుడు టెక్నీషియన్‌కు రాసే పని తగ్గి, ఆలోచించే సమయం దొరుకుతుంది. ఉద్యోగాలు పోతాయన్న భయం కొందరికి ఉంది. ఫలితాన్ని చూసి "ఇది ఈ రోగికి సరిపోతుందా?" అని అడిగే మనిషి లేని ల్యాబును మేము కోరుకోవడం లేదు.

ప్రభుత్వ రంగంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ పథకం 2018లో హైదరాబాదులో మొదలైంది. బస్తీలలోని చిన్న ఆరోగ్య కేంద్రాల్లో రక్తం తీసి, వాహనాల్లో నారాయణగూడలోని పెద్ద ల్యాబుకు చేర్చి, రిపోర్టును కంప్యూటరు ద్వారా పంపే ఏర్పాటు అది. తరువాత జిల్లాలకూ విస్తరించింది. అక్కడ ప్రతి కేంద్రంలోనూ పెద్ద మిషన్ పెట్టలేదు. దారి వేశారు. మనలాంటి ఆస్పత్రి నేర్చుకోవలసింది ఇదే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కంప్యూటరు తప్పును కడిగివేయదు. తప్పు లేబుల్ అంటిస్తే ఆ తప్పును ఇంకా వేగంగా మోసుకుపోతుంది. కరెంటు పోయినప్పుడు పని ఎలా నడవాలో కూడా ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి.

ఫలితం వచ్చాక

సి.బి.నాట్ మిషన్ కళ్ళెలో టి.బి. ఉన్నదీ లేనిదీ, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో సుమారు రెండు గంటల్లో చెప్పగలదు. ఆ కాగితం మూడు రోజులు ట్రేలో ఉండిపోతే ఆ రెండు గంటల వల్ల ఏమి లాభం?

ప్రాణాపాయం తెలిపే ఫలితాలను వెంటనే డాక్టరుకు చెప్పాలనే పద్ధతిని అమెరికాలో జార్జ్ లండ్‌బర్గ్ అనే వైద్యుడు 1972లో ప్రచారంలోకి తెచ్చారు. షుగరు బాగా పడిపోయినా, పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా ల్యాబు నుండి ఫోను వెళ్ళాలి. ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రాసి ఉంచాలి. కంప్యూటరు ఎర్ర రంగులో చూపించవచ్చు. ఫోను తీసి మాట్లాడవలసింది మనిషే.

రిపోర్టులు ఫోనుకు పంపమని కూడా అడుగుతున్నారు. సౌకర్యమే. కానీ మన ఇళ్ళలో ఒకే ఫోను నలుగురు చూస్తారు. హెచ్.ఐ.వి. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. అటువంటి రిపోర్టులు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పవలసినవే గాని మెసేజిలో పంపవలసినవి కావు.

మేము కోరేది

మిషన్ ఉచితంగా పెడతాము, రసాయనాలు మాత్రం మా దగ్గరే కొనాలి అనే కంపెనీలు ఉన్నాయి. వినడానికి బాగుంటుంది. కానీ రసాయనాల ధర పెరిగినప్పుడు ఆ భారం చివరికి రోగి బిల్లు మీదే పడుతుంది. పాత మిషన్ నిజంగా అరిగిపోతే మార్చవలసిందే, దానికి మేము అడ్డు చెప్పము. కాని ముందు బార్‌కోడ్ ప్రింటరు, మిషన్‌కూ కంప్యూటరుకూ కలయిక, మంచి సెంట్రిఫ్యూజ్, కరెంటు పోయినా నిలబడే బ్యాటరీ, గొట్టాలు మోసే ఒక మనిషి జీతం. కానుక ఇచ్చే కుటుంబాలు వీటిని చిన్నవిగా చూడవద్దని మా మనవి. వీటి మీద దాత పేరుతో శిలాఫలకం పెట్టలేము. అయినా ప్రతి రోగికీ ప్రతిరోజూ పనికివచ్చేవి ఇవే.

రోగులుగా మీరు చేయగలిగినవి కూడా ఉన్నాయి.

ఓ.పి. కార్డు తప్పక తెండి. ప్రతిసారీ ఒకే పేరు, ఒకే ఫోను నంబరు ఇవ్వండి.

"మీరు ఫలానానా?" అని అడిగితే అవునని ఊరుకోకండి. మీ పూర్తి పేరు, వయస్సు మీ నోటితో మీరే చెప్పండి.

చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏ మందులు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. కాఫీ త్రాగినా చెప్పండి.

గొట్టం మీద మీ పేరు అంటించేదాకా కుర్చీ నుండి లేవకండి. చదవడం రాకపోతే పక్కవారిని చదివి వినిపించమనండి. మా సిబ్బంది ఎవరూ దీన్ని తప్పుగా అనుకోరు. అడగడం మీ హక్కు.

రిపోర్టు ఒక గంట ఆలస్యమైనా అది మీదే అయి ఉండాలి. తొందరగా వచ్చిన పరాయి రిపోర్టు కంటే ప్రమాదమైనది ఏదీ లేదు.