మూర్ఛమందు మితిమీరినచో

మూర్ఛరోగికి బిళ్ల ప్రాణాధారము. అదియే మితిమీరినచో ప్రాణగండము. 1912 నుండి ఫినోబార్బిటోనును, 1938 నుండి ఫెనిటాయినును ఈ వ్యాధికి వాడుకలో నున్నవి. చౌకయగుటచే పేదయిండ్లలోను కానవచ్చును. మనోవ్యథచే మింగినవారు, మరచి రెండవమారు వేసికొన్న వృద్ధులు, మిఠాయి యనుకొన్న పసివారు, అందరును ఆసుపత్రి వాకిటికే రావలసినవారు.

ఈ మందులలో పెక్కింటికి విరుగుడు లేదు. చికిత్స మాత్రము కలదు. ఊపిరి నిలుపుట మొదటిది. అది మందగించినచో గొట్టము వైచి యంత్రముచే ఆడింతురు. రక్తపుపోటు పడకుండ సెలైను ఎక్కింతురు. స్పృహతో త్వరగా వచ్చినవారికి మందుబొగ్గుపొడి ఇత్తురు. వాల్‌ప్రోయేటు రక్తమున అమ్మోనియాను పెంచినచో కార్నిటిన్ కలదు. ఫినోబార్బిటోను మిక్కుటమైనచో డయాలిసిస్ దానిని రక్తమునుండి తీసివేయగలదు. ఉద్దానపు దుఃఖము మన జిల్లాకు ఆ యంత్రమును పరిచయము చేసినది. పలాసలో 200 పడకల మూత్రపిండ వైద్యశాల 2023 డిసెంబరున ప్రారంభమైనది. ఆ యంత్రమే ఈ రోగికిని అక్కరకు రావలెను.

ఇంటియొద్ద ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు. మగతలోనున్నవాని ఊపిరితిత్తులలోనికి అది పోవును.

ఇంత వైద్యముండగా కాలమును హరించునది భయము. పోలీసు కేసగునని చుట్టములు దాచుదురు. కాగితముల జంజాటమని కొన్నిచోట్ల చేర్చుకొనుటకు జంకుదురు. చట్టమున ఈ భయమునకు తావు లేదు. ముందు ప్రాణరక్షణ, పిదపనే చట్టవిధులని సుప్రీముకోర్టు 1989లోనే పరమానంద్ కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే భావించి శిక్షింపరాదనియు, ఆదుకొనుట ప్రభుత్వ బాధ్యతయనియు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను చెప్పుచున్నది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1తో పోయినది. పోలీసులకు తెలుపవలసినచో తెలుపుడు. చికిత్స మాత్రము దానికొరకు ఆగరాదు.

కావున మేము కోరునవి మూడు. ప్రతి ప్రాంతీయాసుపత్రిలోను బొగ్గుపొడియు, ఊపిరియంత్రమును, దాని నెరిగిన సిబ్బందియు రేయింబవళ్లు ఉండవలెను. విశాఖపట్టణము కింగుజార్జి ఆసుపత్రికి పంపవలసినచో ఊపిరి కుదుటపరచియే పంపవలెను. శ్రీకాకుళమునుండి అది నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. ప్రాణము దక్కినవాని మనోవ్యథను విచారింపక, మూర్ఛమందు మోతాదును సరిచూడక, ఇంటికి పంపరాదు.

చుట్టములు చేయవలసినది స్వల్పము: ఖాళీ బిళ్లల అట్టను చేతబట్టుకొని 108ను పిలుచుట. బిడియపడి దాచిన గంటను ఏ వైద్యుడును తిరిగి తేలేడు.