మొక్కజొన్నకు ఎరువు: మోతాదు సరే, చోటు మాటేమిటి?

మన కరపత్రాలలో మొక్కజొన్న ఎరువుల పేరా ఎప్పుడూ ఒకే తీరున సాగుతుంది. ఎకరాకు ఇంత నత్రజని, ఇంత భాస్వరం, ఇంత పొటాష్. నత్రజనిని విత్తేటప్పుడు, మోకాలి ఎత్తు దశలో, పూత దశలో విభజించి వేయాలి. ఎంత, ఎప్పుడు అన్నవాటికి జవాబు దొరుకుతుంది. ఎక్కడ అన్నది మాత్రం ‘సాళ్ళలో’ అనే ఒక్క మాటతో ముగుస్తుంది. ఈ ఉపేక్షకు రైతు మూల్యం చెల్లిస్తున్నాడని నా అభిప్రాయం.

సింగరేణి గనుల అంచున ఉన్న కాసిపేట మండలాన్నే తీసుకుందాం. పత్తి, వరిల నడుమ మొక్కజొన్న ఇక్కడ పెద్ద పంట కాదు. గోదావరికి ఆవలి ఒడ్డున, రామగుండంలో 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ఆరంభించిన కర్మాగారానికి ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేసే సామర్థ్యం ఉంది. ఇంత చేరువలో తయారైన యూరియా అయినా, తడి నేలపై చల్లి మట్టి కప్పకుండా వదిలి, ఆపై వాన మొహం చాటేస్తే, అందులో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. వేప పూత నత్రీకరణను నెమ్మదింపజేస్తుందే గాని ఈ ఆవిరి నష్టాన్ని ఆపదు. ఈ తేడాను రైతులకు మనం స్పష్టంగా చెప్పడం లేదు. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు మాత్రమేనన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

భాస్వరం కథ వేరు. అది పడిన చోటి నుండి కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. చేనంతా వెదజల్లిన డి.ఎ.పి.లో చాలా భాగం లేత వేళ్ళకు అందదు. విత్తనానికి 5 సెం.మీ. పక్కగా, 5 సెం.మీ. దిగువగా పడితే అందుతుంది. విత్తనంతో కలిపి ఒకే చాలులో పోస్తే అమ్మోనియా, లవణాల ధాటికి మొలక దెబ్బతింటుంది. అలా ఒకసారి నష్టపోయిన రైతు మరుసటి ఏడు మళ్ళీ వెదజల్లడానికే మొగ్గితే తప్పుపట్టలేం.

కూలి ఖర్చు అనే అభ్యంతరం సహేతుకమే. అయితే విత్తనం, ఎరువు కలిసి వేసే గొర్రు దుక్కి మందు పనిని తీరుస్తుంది. మోకాలి ఎత్తు దశలో సాలు పక్కన యూరియా వేసిన వెంటనే గుంటక తోలితే కలుపుతీత, మట్టి కప్పడం ఒకే పనిలో పూర్తవుతాయి. పూత దశే నిజంగా కష్టం. అప్పటికి చేలో గుంటక నడవదు గనుక, తేమ చూసి మొక్క మొదళ్ళ వద్ద వేయడం తప్ప మార్గం లేదు.

చోటు మార్చగానే దిగుబడి పెరిగి తీరుతుందని చెప్పడం శాస్త్రం కాదు. ఏళ్ళ తరబడి డి.ఎ.పి. వేయగా భాస్వరం పేరుకున్న నేలల్లో దిగుబడి యథాతథంగా ఉండవచ్చు. అక్కడ లాభం తగ్గించగలిగిన మోతాదులో కనిపిస్తుంది. దిగుబడి ఒక్కటే కొలిచే మన పట్టికలకు ఈ లాభం అందదు.

అందుచేత బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల, రావెప్ విద్యార్థుల గ్రామాల్లో, ఒకే చేలో మూడు పట్టీలు వేసి చూడాలి: సిఫారసు మోతాదు వెదజల్లినది, అదే మోతాదు సాలు పక్కన మట్టిలో వేసినది, తగ్గించిన మోతాదు సాలు పక్కన వేసినది. కోతనాడు గింజల తూకంతో పాటు బస్తాల ఖర్చు, కూలి, గుంటక తోలిన పూటల లెక్క కూడా రైతుల ఎదుటే రాయాలి.